రచ్చ, పరువు, అనుమతి: స్త్రీల మాటకు రక్షణ యెట్టిది?

తెలుగునుడిలో స్త్రీకి కలుగు అపకీర్తిని తెలుపు పలుకుబడులను ఒకచోట చేర్చి చూచినచో ఒక విశేషము కానవచ్చును. ‘రచ్చకెక్కినది’, ‘బజారున పడినది’, ‘వీధిన పడినది’, ‘నలుగురి నోళ్లలో పడినది’, ‘అల్లరిపాలైనది’ అనునవి అట్టివి. వీనిలో మొదటి మూడును చోటును తెలుపు మాటలు. రచ్చ యనగా ఊరివారు కూడి మాటలాడుకొను చోటు, తగవు తీర్చుకొను చోటు. ‘ఇంట గెలిచి రచ్చ గెలువవలెను’ అన్న సామెతలో రచ్చ పెద్దరికమునకు మెట్టు. స్త్రీ విషయమున ఆ మెట్టెక్కుటయే పరువు చెడుట. ‘అల్లరి’ యను మాట మరింత విచిత్రమైనది. చేసినవానియందు అది చిలిపితనము. అనుభవించినదానియందు అది తలవంపు. ఒకే క్రియకు కర్తయందు క్షమను, బాధితురాలియందు కళంకమును అంటగట్టిన మాట యిది.

ఈనాడు రచ్చ చేతిలోని ఫోనులోనికి వచ్చినది. అందు స్త్రీలు మాటలాడుచున్నారు, వ్రాయుచున్నారు, బేరములు చేయుచున్నారు. అందే దూషింపబడుచున్నారు, బెదరింపబడుచున్నారు, వారి చిత్రములు వారెరుగకయే చేతులు మారుచున్నవి. ఈ కీడునుండి స్త్రీలను, ముఖ్యముగా కులముచేతను, మతముచేతను, వృత్తిచేతను అంచునకు నెట్టబడినవారిని కాపాడవలెనని స్త్రీవాదులు కొంతకాలముగా వాదించుచున్నారు. ఆ వాదమునకు ఆధారమైన ప్రమాణమేది, అది తెలుగు సాహిత్యచరిత్రకు ఎంతవరకు క్రొత్తది అను రెండు ప్రశ్నలను ఇచట పరిశీలింపదలచితిమి. రక్షణకు పరువు ప్రమాణమైనచో కొందరు స్త్రీలు మాత్రమే రక్షణకు అర్హులగుదురనియు, అనుమతి ప్రమాణమైనచో అందరును అర్హులగుదురనియు మా అభిప్రాయము. ఈ భేదము మన గ్రంథచరిత్రలో నూరేండ్లకు పూర్వమే స్పష్టపడినది.

పరువు ప్రమాణమునందలి లోపమును గ్రహించుటకు దూరము పోనక్కరలేదు. విశాఖపట్టణమునకు ఉత్తరమున జాతీయ రహదారిపైనున్న ఆనందపురమునందలి పూలసంత ప్రసిద్ధమైనది. అట్టి సంతలో పూలు రాశిపోసి బేరమాడు స్త్రీ బజారునందే యుండును. బజారే ఆమె బ్రతుకు. ఆమెను గూర్చి ‘బజారున పడినది’ అనుటకు అర్థమేమి? పొలమున నాట్లు వేయు కూలిస్త్రీ, చేపల గంప నెత్తిన పెట్టుకొని వీధివీధి తిరుగు స్త్రీ ఏనాడు వీధిలో లేరు? ఈ పలుకుబడులు ఇల్లు దాటనవసరము లేని కులములవారి, వర్గములవారి స్త్రీలను తలచి పుట్టినవి. తక్కిన స్త్రీలను గూర్చి అవి మౌనము వహించును. ఆ మౌనమునకు భావము, వారికి పోగొట్టుకొనుటకు పరువే లేదని. కావున పరువును కాపాడుటకై యేర్పడిన రక్షణ వారిదాక రాదు.

ఈ న్యాయము సాహిత్యమున ఎట్లు వర్తించినదో ‘రాధికాసాంత్వనము’ చరిత్ర తెలుపును. ముద్దుపళని తంజావూరు నేలిన ప్రతాపసింహుని (1739–63) కొలువునందలి కవయిత్రి, దేవదాసీ కులజ. తన వంశమునందలి స్త్రీలను సగౌరవముగా స్మరించి, తన విద్యను తానే చెప్పుకొని, తన పేరుతో కావ్యము వ్రాసినది. 1887లో పైడిపాటి వెంకటనరసు దీనిని అచ్చువేయించెను. ఆ ముద్రణమున కొన్ని పద్యములు లోపించినవి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ‘ఆంధ్ర కవుల చరిత్రము’న ఈమె పాండిత్యమును, శైలిని కొంత మెచ్చియు, ఆమె వేశ్య యగుటను, స్త్రీ పలుకదగని విషయములు పలుకుటను ఎత్తిచూపి కావ్యమును నిరసించిరి. ఇందు గమనింపదగినది విమర్శ క్రమము. మొదట కవయిత్రి ఎవరో తేల్చి, పిదప కావ్యమును తూచిరి. ఇట్టి శృంగారమే పురుషుడు వ్రాసినచో తూకపురాయి వేరు.

1910లో బెంగుళూరు నాగరత్నమ్మ తాళపత్రప్రతితో సరిచూచి, పూర్తి పాఠమును వావిళ్లవారి ద్వారా మదరాసున ప్రకటించినది. తరువాతి కాలమున తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించిన నాగరత్నమ్మ ఈమెయే. తన పీఠికలో ఆమె పంతులుగారికి సమాధానము చెప్పినది. సిగ్గు స్త్రీలకు మాత్రమే విధింపబడినదా యనియు, పంతులుగారికి సమ్మతములైన గ్రంథములయందు ఇట్టి వర్ణనలు లేవా యనియు ఆమె వాదసారము. ఇది కేవలము ఎత్తిపొడుపు కాదు, ప్రమాణమును గూర్చిన ప్రశ్న. దోషము పద్యమునందున్నచో పురుషుల ప్రబంధములయందును అదే దోషము. అచట దోషము కానిచో, ఇచట శిక్షింపబడుచున్నది పద్యము కాదు, పద్యము చెప్పిన మనిషి.

ఈ వాదమునకు ప్రత్యుత్తరము ప్రభుత్వమునుండియు వచ్చినది. 1911లో గ్రంథము అశ్లీలమను కారణమున ప్రతులు జప్తు చేయబడినవి. టంగుటూరి ప్రకాశము పంతులుగారి ప్రభుత్వకాలమున (1946–47) నిషేధము తొలగినది. 1952లో వావిళ్లవారు మరల ముద్రించిరి. మూడున్నర దశాబ్దములకు పైగా ఒక కవయిత్రి మాట పాఠకులకు అందకుండుటకు చెప్పబడిన హేతువు సమాజరక్షణము. ఎవరి రక్షణము? ముద్దుపళని కీర్తిని గాని, నాగరత్నమ్మ శ్రమను గాని అది రక్షింపలేదు. అశ్లీలచట్టము చదువరి మనస్సు చెడునా యని విచారించును గాని, మాటాడినదాని హక్కు చెడునా యని విచారింపదు.

పేరుతో మాటాడిన స్త్రీకి జరిగిన దిది. పేరు దాచుకొని మాటాడుట యందలి ఆవశ్యకత గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’న కలదు. 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో అచ్చై, 1909లో పునారచితమైన ఈ నాటకము చివరిభాగమున కథ విశాఖపట్టణమునకు వచ్చును. వకీలు సౌజన్యారావు పంతులు వేశ్యల మొగము చూడనని వ్రతము పట్టిన సంస్కర్త. లుబ్ధావధాన్లను కాపాడదగిన సమాచారము మధురవాణి యొద్ద కలదు. తన రూపముతో పోయినచో ఆమె మాట ఆయన చెవిని సోకదు. కావున పురుషవేషము ధరించి పోయినది. మాట విలువ తెలిసిన పిదపనే తానెవరో తెలిపినది. సజ్జనుని ముందరనే మారువేషము లేనిదే మాట చెల్లని స్థితి యిది. సౌజన్యారావు దుష్టుడు కాడు. ఆయన మంచితనమే ఆమెకు తలుపు మూసినది.

మారుపేర్లను నిషేధించినచో అంతర్జాలమున దుర్మార్గము నశించునని ఇటీవల పలువురు చెప్పుచున్నారు. వారికి ఈ నాటకమే చాలినంత సమాధానము. మారువేషము మోసమునకును తోడ్పడునన్నది నిజము. ఇందే మహేశము ఆడపిల్ల వేషమున పెండ్లికూతురై లుబ్ధావధాన్లను భ్రమపెట్టెను. కాని నాటకమున అందరికంటె ఎక్కువ మందిని వంచించిన గిరీశమునకు ఏ వేషమును అక్కరలేకపోయినది. తన పేరుతో, తన మొగముతో, తన వాగ్ధాటితో వంచించెను. మారుపేరు దోషి ఆయుధము కావచ్చును. దుర్బలుని కవచమును కావచ్చును. నేరము జరిగినప్పుడు న్యాయవిచారణచే ముసుగు తీయించుట వేరు. అందరిచేతను ముందుగనే ముసుగు తీయించుట వేరు. రెండవదానివలన మొదట నష్టపడునది మధురవాణి.

స్వాతంత్ర్యానంతరమున ఈ విషయమున మార్పు వచ్చినదా? 1980 తరువాత స్త్రీలు తమ శరీరమును, ప్రసవమును, తమపై పడు చూపులను వస్తువుగా గైకొని కవిత్వము వ్రాసినప్పుడు కొందరు వానిని నీలిరాతలని యెగతాళి చేసిరి. 1993లో ఓల్గా సంపాదకత్వమున వెలువడిన స్త్రీవాద కవితాసంకలనము ‘నీలిమేఘాలు’ అను పేరును ధరించినది. విమర్శ మరల కవితనుండి కవయిత్రి నడవడివైపు తిరుగుట ఇచటను చూడవచ్చును. ముద్దుపళనికి కులముచే అంటగట్టిన మాటను ఈసారి విద్యావంతులైన గృహిణులకును, ఉద్యోగినులకును అంటగట్టిరి.

ఆ స్త్రీవాదము కూడ అందరిని కలుపుకొనలేదని దళిత, ముస్లిం కవయిత్రులు నిలదీసిరి. గోగు శ్యామల సంపాదకత్వమున 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ 1921 నుండి 2002 వరకు దళిత స్త్రీలు చేసిన రచనలను ఒకచోట చేర్చినది. అట్టి పరంపర యున్నట్లు మన సాహిత్యచరిత్రలు అంతవరకు తెలుపకుండుటయే ఒక విమర్శ. షాజహానా ‘నఖాబ్’ 2005లో వెలువడినది. పత్రికల పుటలలో చోటు దొరకని ఇట్టి గొంతులకు అంతర్జాలము క్రొత్త రచ్చ యగునని ఆశ కలిగినది. 2011లో పుట్ల హేమలత ‘విహంగ’ యను మహిళా అంతర్జాల పత్రికను ప్రారంభించుట ఆ ఆశకు ఒక గుర్తు.

ఆశతోపాటు కీడును పెరిగినది. 2019 సార్వత్రిక ఎన్నికల కాలమున 95 మంది రాజకీయ మహిళలను ప్రస్తావించిన 1,14,716 ట్విట్టరు సందేశములను ఆమ్నెస్టీ సంస్థ పరిశీలించి, 2020లో ఫలితములను ప్రకటించినది. వానిలో 13.8 శాతము దూషణయుతములో, ఆక్షేపణీయములో అయి యున్నవి. అణగారిన కులముల స్త్రీలకు వచ్చిన కులదూషణ ఇతర కులముల స్త్రీలకు వచ్చినదానికంటె 59 శాతము ఎక్కువ. ఇట్టి దూషణను ‘అసభ్యత’ యని మాత్రమే పేర్కొన్నచో అందలి కులము కనబడకుండ పోవును.

మరియొక ఉదాహరణము ప్రమాణచర్చకు మిక్కిలి ముఖ్యమైనది. 2021 జూలైలోను, 2022 జనవరిలోను ముస్లిం స్త్రీల ఛాయాచిత్రములను చేర్చి, వారిని వేలము వేయుచున్నట్లు చూపిన సాధనములు రెండు అంతర్జాలమున వెలువడినవి. ఆ స్త్రీలలో పత్రికారచయిత్రులు, ఉద్యమకారిణులు, న్యాయవాదులు కలరు. ఆ చిత్రములు సామాన్యమైనవి. స్వయముగా వారే లోకమునకు చూపినవి. అశ్లీలమను తూకపురాయితో తూచినచో వానిలో దోషమే తోచదు. ఐనను జరిగిన అవమానము ఘోరమైనది. చూచుటకు ఇచ్చిన అనుమతి వేలము వేయుటకు అనుమతి కాదు. ఈ ఒక్క వాక్యములో క్రొత్త ప్రమాణము ఇమిడి యున్నది.

చట్టమున ఈ రెండు ప్రమాణములును ప్రక్కప్రక్కనే యున్నవి. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమునందలి 67వ నిబంధన అశ్లీలమును శిక్షించును. అది నాగరత్నమ్మ నెదుర్కొన్న న్యాయమునకు వారసురాలు. 66ఎ నిబంధన రోతగొలుపు సందేశములను శిక్షించుటకై 2008 సవరణతో చేరినది. 2012లో మహారాష్ట్రమున ఇద్దరు యువతులు ఒక ఫేస్‌బుక్కు వ్యాఖ్య విషయమున ఆ నిబంధన క్రింద నిర్బంధింపబడిరి. మాట దోషము కాదు, దానిని మెచ్చుటయు దోషము కాదు. ఐనను ఠాణా చూడవలసి వచ్చినది. 2015 మార్చి 24న సర్వోన్నత న్యాయస్థానము ఆ నిబంధనను కొట్టివేసినది. రక్షణకని విస్తరించిన చట్టము మాటాడు స్త్రీపైననే పడుట ఇది మొదటిసారి కాదని మన సాహిత్యచరిత్ర ముందే చెప్పినది.

ఇందులకు భిన్నమైన మార్గము 2013 నేరచట్టసవరణమున కనబడును. స్త్రీ ఆంతరంగిక చిత్రమును తీయుటకు ఆమె సమ్మతించినను, ఇతరులకు పంచుటకు సమ్మతింపనిచో, పంచుట నేరమని అందు వివరింపబడినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 77వ నిబంధనయందును ఆ వివరణ నిలిచినది. ఇచట స్త్రీ శీలవతియా, కులస్త్రీయా, చిత్రము తీయనిచ్చుట తగునా అను ప్రశ్నలకు తావు లేదు. ‘ఈ పనికి ఆమె అంగీకరించినదా?’ యన్నదే ప్రశ్న. 2014లో మలేషియాలో కూడిన స్త్రీవాదులు రూపొందించిన అంతర్జాల సూత్రములలో అనుమతియు, అజ్ఞాతముగా నుండు హక్కును రెండును చేరుట యాదృచ్ఛికము కాదు. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమికహక్కని తీర్పు చెప్పిన పిదప ఈ వాదమునకు రాజ్యాంగబలమును చేకూరినది.

ఐనను హక్కు కాగితముపై నుండుటకును, చేతికందుటకును నడుమ చాల దూరము కలదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున ఎన్నడైన అంతర్జాలమును వాడిన స్త్రీలు 21 శాతము, పురుషులు 48.8 శాతము. పెక్కు ఇండ్లలో ఫోను ఇంటివారందరిది. రహస్యపదము అందరికి తెలిసినది. భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ స్త్రీలు పంచుకొనిన ఫోనులయందు తమ గోప్యతను ఎట్లు కాపాడుకొందురో నిత్యా సాంబశివన్ ప్రభృతులు 2018లో ఒక పరిశోధనలో తెలిపిరి: కొందరు సందేశములను ఎప్పటికప్పుడు తుడిచివేయుదురు, కొందరు కొన్ని భాగములకు తాళము వేయుదురు. ‘ఫోనుకు ఒకే యజమాని’ యను ఊహతో చేసిన రక్షణలు వీరికి సరిపడవు. ఇంటిలోని వానినుండియే భయమున్నప్పుడు ఫిర్యాదు సంఖ్య ఆ ఫోనులోనే కనబడుట ఒక ప్రమాదము. ‘భూమిక’ పత్రిక 2006లో సహాయవాణి నెలకొల్పినప్పటి అవసరము, అనగా నమ్మదగిన మనిషి గొంతు వినబడవలెనన్న అవసరము, నేటికిని తీరలేదు.

ఇంటిలోను, విద్యాలయములోను తరచుగా సూచింపబడు పరిహార మొకటి కలదు: ఆడపిల్లకు ఫోను ఇయ్యకుండుట. 2019 సెప్టెంబరులో కేరళ ఉన్నత న్యాయస్థానము ఫహీమా షిరీన్ అభియోగమున, విద్యార్థినుల వసతిగృహములో సాయంసమయమున ఫోను నిషేధించుట చెల్లదనియు, అంతర్జాలమును పొందు హక్కు విద్యాహక్కునందును, గోప్యతాహక్కునందును భాగమనియు నిర్ణయించినది. ఈ తీర్పు మనవంటి విశ్వవిద్యాలయములవారు మరల మరల చదువదగినది. దొంగలున్నారని సంతను మూయుట పూలమ్ము స్త్రీకి రక్షణ కాజాలదు.

స్త్రీవాదుల కృషిని ఇంతవరకు మెచ్చితిమి. అందలి కొరతను చెప్పనిచో ఇది విమర్శ కానేరదు. ఈ వాదము మన దేశమున మొదట ఆంగ్లమున పెరిగినది. నేటికిని అందలి సూక్ష్మవిచారములు ఎక్కువగా ఆంగ్లమునందే యున్నవి. తెలుగునకు వచ్చునప్పటికి ఆ భావములు పాత మాటలనే తొడుగుకొనుచున్నవి. వార్తలలో ‘పరువు తీసెను’, ‘మానమునకు భంగము కలిగెను’ అన్న వాక్యములే కానవచ్చును. న్యాయస్థానము అనుమతి ప్రమాణమును అంగీకరించినను, ఠాణాలో ఫిర్యాదు వ్రాయు భాష పరువు భాషయే యైనచో, ఫలితము పాత ఫలితమే. బాధితురాలు మొదట తన పరువును నిరూపించుకొనవలసి వచ్చును. పూలమ్ము స్త్రీయు, కూలిస్త్రీయు ఆ నిరూపణమున ఓడిపోవుదురు. ‘ఆమె చిత్రమును ఆమె ఒప్పుకొనక పంచిరి’ అను వాక్యము మిక్కిలి సులభమైన తెలుగు. దానిని ప్రచారములోనికి తెచ్చుట తెలుగువారి పని.

ఇచట మన శాఖలకు ప్రత్యేకమైన బాధ్యత కలదని మేము భావించుచున్నాము. మన పరిశోధకులు జానపదగేయములకై, మాండలికములకై పల్లెలకు పోవుదురు. పూర్వము చేతితో వ్రాసికొనిరి. పాడిన స్త్రీ పేరు లేని సంపుటములు పెక్కు అచ్చైనవి. ఇప్పుడు ఫోనుతో పాటను, మొగమును కలిపి పట్టుచున్నారు. ఆ సాయంకాలమే అది లోకమునకెల్ల ప్రసారము కావచ్చును. నాట్లవేళ, తోటి కూలీల నడుమ సరసముగా పాడిన పాట అపరిచితుల వ్యాఖ్యల పాలగుటకు ఆమె ఒప్పుకొన్నదా? 2023 జనవరి 1 నుండి ఉపాధిహామీ పనులయందు హాజరునకై కూలీల చిత్రమును దినమునకు రెండుమారులు ఫోనుతో తీయుట ఆవశ్యకము చేయబడినది. కూలి కావలెనన్నచో చిత్రము తీయనీయవలెనన్న అలవాటు పడినవారిని, పరిశోధకుడు వచ్చి ఫోనెత్తినప్పుడు వలదని చెప్పగలరని యెట్లు ఆశింతుము? వారి మౌనమును అనుమతిగా గ్రహించుట, నాగరత్నమ్మ పక్షము వహించి బోధించు మనకు తగదు.

2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, అనుమతి కోరు ప్రకటనను ఎనిమిదవ షెడ్యూలునందలి భాషలలో చదువుకొను వీలు కల్పింపవలెనని నిర్దేశించినది. తెలుగు వానిలో నొకటి. అట్టి ప్రకటనలను ఆంగ్లమునుండి మక్కికి మక్కి దించినచో చదివినవారికి బోధపడవు. చదువురానివారి మాట చెప్పనక్కరలేదు. ఏమి సేకరింతుము, ఎవరు చూతురు, ఎంతకాలముంచుదుము, వలదన్నచో ఎట్లు తీసివేయుదుము అను నాలుగు సంగతులను ఆనందపురము సంతలోని స్త్రీకి వినిపించినంతనే తెలియునట్టి తెలుగున వ్రాయుట భాషాశాఖ చేయదగిన పని. మొదట మన క్షేత్రపరిశోధన పత్రములలోనే దానిని అమలు పరుపవచ్చును. పాట యిచ్చినవారి పేరు వేయవలెనా, దాచవలెనా యని వారినే అడిగి, వారు చెప్పినట్లే నడుచుకొనవలెను. పిమ్మట వారు మనసు మార్చుకొనినచో, సిద్ధాంతవ్యాసము సమర్పింపబడిన తరువాత నైనను, ఆ పాటను తీసివేయుటకు మనము సిద్ధపడవలెను.